కాలవల బడ్జెట్‌కి షిఫ్టుల లెక్క కట్టాను

మీసం ఏమైందని వచ్చిన దగ్గర్నుంచీ అందరూ అడుగుతున్నారు కదా, కూర్చోండి, చెప్తాను. ముందే ఒక మాట. ఉద్యోగం ఉంది. ఫౌండ్రీ నడుస్తోంది. ఎవరూ రోడ్డున పడలేదు. పోయింది నా మీసం, దాంతోపాటు కాస్త పరువు. మీసమంటే మళ్లీ పెరుగుతుంది. పరువు సంగతి అంతా విన్నాక మీరే చెప్పండి!

మా ఫౌండ్రీ టాటానగర్ పక్కన ఆదిత్యపూర్‌లో అని మీకు తెలుసు. అక్కడ రెండు రకాల పోతలు పోస్తాం. ఒకటి ట్రాలీ చక్రాలు. ఫ్యాక్టరీల్లో సామాను లాక్కెళ్లే తోపుడు ట్రాలీలుంటాయే, వాటికి వేసే ఇనప చక్రాలు. రెండోది మురుగు కాలవల మీద పరిచే ఇనప జాలీలు. మాకు తిండి పెట్టేవి చక్రాలే. రూర్కెలా పార్టీ ఒకటి ఏళ్ల తరబడి నెల తప్పకుండా కొంటోంది. జాలీలంటారా, ఎవరైనా కాంట్రాక్టరు గుర్తొచ్చి అడిగితే పోస్తాం, లేకపోతే లేదు. షెడ్డులో ఇరవై మంది దాకా ఉన్నాం. నేను పోత పొయ్యను, కొలిమి దగ్గరికీ వెళ్లను. ఏ రోజు ఎంత మాలు తయారైందో రాస్తాను. మా నాన్న కూడా ఇక్కడి పెద్ద ఉక్కు కార్ఖానాలో ఇదే పని చేసి రిటైరయ్యాడు. కూడికలు మా రక్తంలో ఉన్నాయి. నేను వేసిన టోటల్ తప్పిందని ఇంతవరకూ ఎవడూ అనలేదు. ఇప్పటికీ అనలేరు! అది కూడా వస్తుంది, వినండి.

మా మాలిక్, అంటే ఓనరు, తివారీజీ. మనిషి బంగారం. ఒకటే జబ్బు. ఏ మీటింగ్‌కి వెళ్తే అక్కడ విన్న మాట పట్టుకుని షెడ్డుకి వచ్చేస్తాడు. ఒకసారి ఇలాగే ఎవరో చెప్పారని షెడ్డంతా పసుపు గీతలు గీయించాడు. ఆ గీతల లోపల మనుషులు నిలబడాలో సామాను నిలబడాలో ఇప్పటికీ మాకెవరికీ తెలీదు. ఈసారి చిన్న పరిశ్రమలవాళ్ల మీటింగ్‌లో సూటు వేసుకున్న పెద్దమనిషొకాయన "డేటా చూడకుండా వ్యాపారం చెయ్యకండి" అన్నాట్ట. మర్నాడు పొద్దున్నే నా టేబుల్ ముందు నిలబడ్డాడు తివారీజీ.

"రావ్, డేటా చాహియే!"

నా పేరు సింహాచలం. పేరులో వెతికినా రావు దొరకదు. కానీ ఈ ఊళ్లో తెలుగువాడు కనిపిస్తే చాలు, రావ్! నేను సరిదిద్దడం ఎప్పుడో మానేశాను.

"ఏం డేటా సార్?"

"సర్కారు మురుగు కాలవల మీద ఏ ఏడాది ఎంత ఖర్చు పెట్టిందో ముప్పై ఏళ్లది తియ్యి. ఖర్చు పెరుగుతోందనుకో, మనం పూర్తిగా జాలీల్లోకి దిగిపోదాం. ఈ చక్రాలు ఎన్నాళ్లు పోస్తాం?"

"సార్, మన రాష్ట్రం బీహార్ నుంచి విడిపోయే ముప్పై ఏళ్లు కాలేదు. అంతకు ముందుది కావాలంటే బీహార్ పుస్తకాలు చూడాలి."

"బీహార్ వద్దు. బీహార్ గొడవ మా అత్తారింటివాళ్లు చూసుకుంటారు. మనం పుట్టిన దగ్గర్నుంచి తియ్యి."

సరే, మాలిక్ అడిగాడు. ముందు గూగుల్‌లో "నాలీ కా ఖర్చా" అని కొట్టాను. కూలిపోయిన కాలవల ఫొటోలు వచ్చాయి. కాలవలో పడ్డ గేదెని తాళ్లు కట్టి లాగుతున్న వీడియో ఒకటి వచ్చింది. అది మొత్తం చూశాను, అబద్ధం ఎందుకు! గేదె క్షేమం. ఆ తర్వాత ప్రభుత్వం వాళ్ల సైట్ దొరికింది. ఒక్కో ఏడాదికి ఒక్కో బడ్జెట్ పుస్తకం, ఒక్కో శాఖకి మళ్లీ ఒక్కో భాగం. కొత్తవి బాగానే ఉన్నాయి. పాతవన్నీ స్కాన్లు. ఎవరో పాపం మెషిన్ మీద పుస్తకం బోర్లించి విసుగ్గా నొక్కుకుంటూ పోయినట్టున్నారు. కొన్ని పేజీలు ఒరిగిపోయాయి, కొన్నింటికి పైభాగం లేదు, ఒక పేజీలో అయితే ఎవరిదో బొటనవేలు కూడా పడింది.

కొత్తవాటిలోంచి కాపీ చేసి ఎక్సెల్‌లో వేద్దామంటే అక్కడ హిందీ అక్షరాలు ఏ భాషకీ చెందని గుర్తులైపోతున్నాయి. దాంతో నగరాభివృద్ధి శాఖ పుస్తకాల్లో కాలవల పద్దు ఉన్న పేజీ మాత్రం ప్రింటు తీసుకుని, చేత్తో కొట్టడం మొదలుపెట్టాను. వారం రోజులు అదే పని. ఇంట్లో అన్నం తింటున్నా కళ్ల ముందు సున్నాలే తిరిగేవి.

ఇప్పుడు అసలు ఘనకార్యం దగ్గరికి వస్తున్నాను. ఆ పుస్తకాల్లో ప్రతి పద్దుకీ ఎదురుగా నాలుగు గడుల్లో నాలుగు అంకెలుంటాయి. అవి ఏమిటో పేజీ పైన రాసి ఉంటుంది. పాత స్కాన్లలో ఆ పైభాగమే లేదని చెప్పానుగా. కొత్తవాటిలో ఉంది. స్పష్టంగా ఉంది. కాకపోతే చదవాలి. నాది బజారు హిందీ. ఆటోవాడితో పోట్లాడమంటే ఎంతసేపైనా పోట్లాడతాను. ఆ సర్కారు హిందీ మాత్రం పురోహితుడు పక్కన ఉంటే తప్ప నోరు తిరగదు. అందుకని పైన రాసిందంతా వదిలేసి నేరుగా అంకెల్లోకి దిగిపోయాను.

నాలుగు గడులు చూడగానే నాకు తోచింది ఈ ఊరి మనిషికి తప్ప ఇంకెవరికీ తోచదు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు, జనరల్ షిఫ్టు! మా నాన్న కాయితాల్లో అవే నాలుగు గడులు, నా కాయితాల్లో అవే నాలుగు గడులు. నాలుగూ అడ్డంగా కూడితే రోజు టోటల్. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నది అదే. చెయ్యి తనంతట తానే కూడేసింది. సర్కారుకి షిఫ్టులేమిటి అని ఒక్క క్షణం అనుమానం రాకపోలేదు. మూడేసి నెలల లెక్క అయ్యుంటుందిలే, నాలుగు మూళ్లు పన్నెండు, ఏడాది సరిపోయింది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చూశారా తెలివి! తప్పు చెయ్యడమే కాదు, దానికి దగ్గరుండి సాక్ష్యం కూడా చెప్పాను.

పాత స్కాన్లలో ఒకటో రెండో గడులు కనపడలేదు. కనపడ్డవే కూడాను. కొత్తవాటిలో నాలుగూ ఉన్నాయి, నాలుగూ కూడాను. ఇంక గ్రాఫ్ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మొదట్లో నేల మీద పాకి, మధ్యలో లేచి నిలబడి, చివరికొచ్చేసరికి కాయితం దాటిపోయేలా ఉంది. రంగులు కూడా వేశాను. చూస్తుంటే నాకే ముచ్చటేసింది.

శనివారం మధ్యాహ్నం దాన్ని తివారీజీ చేతిలో పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు, కాయితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"రావ్... యే తో రాకెట్ హై!"

"అవును సార్."

"ఇంత డబ్బు కాలవల్లో పారుతుంటే మనం చక్రాలు పోసుకుంటూ కూర్చున్నామా? రేపు ఆదివారం మొహంతీ బాబు టాటానగర్‌లో దిగుతున్నాడు."

మొహంతీ బాబు అంటే ఆ రూర్కెలా పార్టీ తరఫున సరుకు కొనే ఆయన. బండి మారే మధ్యలో స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర కూర్చుని, ఏడాది ఆర్డరు మాట్లాడి వెళ్లిపోతుంటాడు. ప్రతి ఏడాదీ ఉండే ముచ్చటే.

"ఈసారి ఆయనకి నో చెప్పేస్తున్నాను. చక్రాలు బంద్. సోమవారం నుంచి షెడ్డంతా జాలీలే. నీ గ్రాఫ్ కూడా పట్టుకెళ్తాను."

నా భుజం తట్టాడు. మిఠాయి తెప్పించాడు. షెడ్డులో అందరికీ పంచాడు. నేను రెండు తిన్నాను.

ఆదివారం పొద్దున్న భాలుబాసాలో మా ఇంటి అరుగు మీద, మెడకి పాత తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ ఈశ్వరి నాకు రంగు వేస్తోంది. జుట్టుకి వేసేసి మీసానికి వచ్చింది. ముందు రోజు పడ్డ వానకి వీధిలో నీళ్లు చీలమండల దాకా నిలబడి ఉన్నాయి. ఎదురింటాయన చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. నేను కదలకుండా, పెదాలు మెదపకుండా, నా గ్రాఫ్ గొప్పతనం చెప్పుకుంటున్నాను. సర్కారు కాలవలకి ఎంత పోసింది, ఎలా పోసింది, తివారీజీ ఏమన్నాడు, మిఠాయి ఏ కొట్టుదీ, అంతా చెప్పాను. ఆవిడ ఎడం పక్క మీసం పూర్తి చేసి, బ్రష్షు గాల్లో ఆపి, వీధిలోకి చూసింది.

"ఏటండీ, గవర్నమెంటోళ్లు అన్ని కాలవలు కట్టీసారా?"

"లెక్క చెప్తోందే!"

"మరి మన ఈదిలో నీళ్లకి దారి తెలీకేటి మన గుమ్మంలోకొచ్చి నిలబడతన్నాయి? అంత డబ్బు పోసినోళ్లు మన ఈది మాటే మర్సిపోయారా, నేపోతే మీరే ఎక్కువ రాసీసారా?"

"నువ్వు రంగు వెయ్యి. బడ్జెట్ గొడవ నీకెందుకు?"

"నాకేటండీ, మీరే సెప్తన్నారు కదాని అడిగినాను. కోపమెందుకో మరి!"

కోపం వచ్చింది నిజమే. నా టోటల్‌ని అనుమానించడమా! లేచి లోపలికెళ్లి ప్రింట్ల కట్ట పట్టుకొచ్చాను, ఆవిడ మొహాన కొట్టినట్టు చూపిద్దామని. కట్టలో ఒక ఏడాదిది నగరాభివృద్ధి శాఖ మొదటి పేజీ కూడా పొరపాటున ప్రింటై ఉంది. శాఖ మొత్తానికి ఎంత ఇచ్చారో అందులో ఉంది. అది చూపిస్తే ఇంకా నోరు మూతపడుతుందని ఆ అంకె పెద్దగా చదివాను. పక్కనే నేను వేసిన కాలవల టోటల్ కూడా చదివాను.

శాఖ మొత్తం కంటే కాలవల ఖర్చే ఎక్కువ ఉంది!

మళ్లీ చదివాను. అదే. రోడ్లు, దీపాలు, చెత్తబళ్లు, జీతాలు అన్నీ కలిపిన దానికంటే ఒక్క కాలవలకే ఎక్కువ ఖర్చు పెట్టారట! అప్పుడు, జీవితంలో మొదటిసారి, ఆ పేజీ పైన రాసింది చదివాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను.

అది షిఫ్టులూ కాదు, మూడేసి నెలలూ కాదు. ఒక ఏడాది పుస్తకం తీస్తే మొదటి గడిలో, అంతకు రెండేళ్ల ముందు నిజంగా ఖర్చయిన డబ్బు. రెండో గడిలో, నిరుడు ఖర్చు పెడదామని మొదట అనుకున్నది. మూడో గడిలో, అదే నిరుటిది, మధ్యలో ఆలోచించుకుని సవరించుకున్నది. నాలుగో గడిలో, ఈ ఏడు ఖర్చు పెడదామనుకుంటున్నది. మీకు అర్థమయ్యేలా చెప్తాను. దసరాకి బట్టలు కొనాలి. ఇంట్లో కూర్చుని ఇంత అవుతుందనుకుంటాం. బిష్టుపూర్ బజారుకెళ్లి ధరలు చూసి కాదు ఇంత అనుకుంటాం. నిజంగా జేబులోంచి పోయిన లెక్క తెలిసింది మాత్రం అంతకు ముందు దసరాది. నేనేం చేశానంటే ఆ మూడూ కలిపేసి, వచ్చే దసరాకి అనుకున్నది కూడా అందులో వేసి, "ఈ దసరాకి మా ఇంట్లో ఇంత ఖర్చయింది" అని ఊరంతా చాటాను. కూడిక మాత్రం కరెక్ట్. ఒక్క రూపాయి తేడా లేదు. కూడకూడనివి కూడాను, అంతే!

"ఏటయ్యింది? అలాగయిపోయారేటి?" అంది ఈశ్వరి.

"కొంప మునిగింది! తివారీజీ చక్రాల ఆర్డరు వదిలేస్తున్నాడు, ఇప్పుడే, స్టేషన్లో!"

"నా బాబే! మరి పోన్ సెయ్యండి!"

చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తాడు. నేను నోరు తెరిచేలోపల వెనకాల స్టేషన్ అనౌన్స్‌మెంట్ హోరులో ఆయన గొంతు, "రావ్, తుమ్హారా రాకెట్ దిఖా రహా హూఁ!" అని, నీ రాకెట్టే చూపిస్తున్నానని సంబరంగా చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా మోగడమే గానీ ఎత్తడం లేదు.

నాకు ఒక్కసారి షెడ్డంతా కళ్లముందు కనబడింది. చక్రాలు పోతే జాలీలు కొనేవాడెవడు? రెండు నెలలు, మూడు నెలలు. ఆ తర్వాత కొలిమి ఆర్పెయ్యడమే. ఇరవై మంది. శనివారం నా మిఠాయి తిన్నవాళ్లే. భయమేసింది, నిజం చెప్తున్నాను. నా ఉద్యోగం పోతుందని కాదు, అది పోవలసిందే. వాళ్లందరి మొహాలు ఎలా చూడాలి?

స్కూటర్ తీస్తే స్టార్ట్ అవలేదు. ముందు రోజు వానలో తడిసింది కదా. లుంగీ మార్చుకుని ప్యాంటు ఎక్కించి, ప్రింట్ల కట్ట చంకన పెట్టాను, అంతవరకూ గుర్తొచ్చింది. తువ్వాలు మెడ మీదే ఉండిపోయింది. వీధి చివర ఆటో పట్టుకున్నాను. ఆటోవాడు అద్దంలో నన్ను చూసి, వెనక్కి తిరిగి చూసి, "హాస్పిటల్?" అన్నాడు.

"స్టేషన్! జల్దీ!"

జుగ్‌సలాయి దగ్గర బళ్లన్నీ ఆగిపోయాయి. చెమటకి రంగు కారడం మొదలుపెట్టింది. చెవుల వెనకనుంచి ఒక ధార, నుదుటి మీదనుంచి ఇంకో ధార. పక్కన ఆగిన బస్సు కిటికీలోంచి ఒక చిన్నపిల్ల నన్ను చూసి వాళ్లమ్మ కొంగులో మొహం దాచుకుంది. అప్పటికి గానీ నాకు తట్టలేదు, మీసానికి రంగు ఒక పక్కే పడిందని. ఎడం పక్క కాటుక నలుపు, కుడి పక్క వెండి తెలుపు. తుడుచుకుందామని తువ్వాలుతో రుద్దితే అది బుగ్గ దాకా పాకింది.

స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర దిగి పరిగెత్తాను. అక్కడే ఉన్నారిద్దరూ. మొహంతీ బాబు కూర్చుని ఉన్నాడు, చేతిలో టీ గ్లాసు. తివారీజీ అప్పటికే లేచి నిలబడి సంచీ భుజాన వేసుకున్నాడు. బల్ల మీద నా రాకెట్ రంగురంగులుగా మెరిసిపోతోంది. నేను దగ్గరికొచ్చేసరికి మొహంతీ బాబు బతిమాలుతున్నట్టుగా అంటున్నాడు.

"తివారీజీ, ఇన్నేళ్ల సంబంధం. సరే, కిలోకి కొంచెం పెంచుతాను. కూర్చోండి."

"నహీఁ మొహంతీ బాబు. రేటు మాట కాదు. మేం ఇక కాలవల్లోకి వెళ్తున్నాం."

"సార్!" అని అరిచాను. కొట్టులో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. "సార్, వెళ్లకండి! లెక్క తప్పు! అంతా తప్పు! కాలవల్లో ఏమీ లేదు! సర్కారు అంత ఖర్చు పెట్టలేదు, అనుకుందంతే! చక్రాలు వదలకండి సార్, మునిగిపోతాం!"

మొహంతీ బాబు తన కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"ఈయనెవరు?" అని అడిగాడు తివారీజీని.

తివారీజీ నన్ను పై నుంచి కిందికి చూశాడు. ఎవరో తెలీదు అని చెప్పేస్తాడేమో అనుకున్నాను. చెప్పినా తప్పుపట్టేవాణ్ని కాదు.

"మా లెక్కలు రాసే మనిషి," అన్నాడు చివరికి, చాలా మెల్లగా.

అప్పుడు నిలబడే మొత్తం చెప్పాను. నాలుగు గడులు, నాలుగు షిఫ్టులు, దసరా బట్టలు, శాఖ మొత్తం, అన్నీ. కట్టలోంచి ఆ మొదటి పేజీ తీసి బల్ల మీద పెట్టాను, దాని మీద రెండు నల్లచుక్కలు పడ్డాయి. మొహంతీ బాబు ముందు గంభీరంగా విన్నాడు. "ఏ, బీ, సీ, జనరల్" దగ్గరికొచ్చేసరికి ఆయన పొట్ట కదలడం మొదలైంది. ఆ తర్వాత పగలబడి నవ్వాడు. గ్లాసులో టీ చొక్కా మీద ఒలికింది, అయినా ఆపలేదు. రుమాలుతో కళ్లు తుడుచుకుని, నా మీసం చూసి మళ్లీ మొదలుపెట్టాడు.

"బాబూ, నిజంగా ఖర్చయింది మాత్రమే చూస్తే ఎంత?" అన్నాడు, కాస్త తేరుకున్నాక.

ఆటోలో కూర్చుని అదే చూశాను. మొదటి గడి ఒక్కటే వరసగా పెడితే రాకెట్ లేదు, ఏమీ లేదు. ఒక ఏడు కాస్త లేస్తుంది, రెండేళ్లు పడుకుంటుంది. మళ్లీ ఎప్పుడో లేస్తుంది. అదే చెప్పాను.

తివారీజీ భుజం మీది సంచీ దించి కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది, నిజంగా. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అవి కూడా నల్లగానే కారి ఉంటాయి.

"అయితే చక్రాలు..." అన్నాడు తివారీజీ, మొహంతీ బాబు వైపు చూడకుండా.

"పాత రేటుకే," అన్నాడు మొహంతీ బాబు, ఇంకా నవ్వు ఆగక.

"ఇప్పుడే కదా కిలోకి కొంచెం పెంచుతానన్నారు!"

"అప్పుడు మీరు కాలవల్లోకి వెళ్తున్నారు కదా!"

ఏడాది ఆర్డరు అక్కడే ఖాయమైంది, పాత రేటుకి. మొహంతీ బాబు తన బండెక్కి వెళ్లిపోయాడు. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని ఊపాడు, ఆయన చెయ్యి కూడా నల్లగా అయింది. నేను ఇంటికొచ్చి గంటసేపు తోముకున్నాను. రంగు అంతసేపు ఉండిపోవడంతో ఎడం పక్క పెదవి పైన చర్మం నల్లబడి దద్దురు లేచింది. ఈశ్వరి కుడి పక్క కూడా వేసేస్తానంది, సమానంగా ఉంటుందని. దండం పెట్టి, మొత్తం గొరిగించుకున్నాను. ఆ రోజు కంచం నిండా తిన్నాను, వారం రోజుల తర్వాత మొదటిసారి సున్నాలు కనపడకుండా తిన్నాను.

సోమవారం షెడ్డుకి వెళ్తే కొలిమి వెలుగుతోంది, చక్రాల అచ్చులు వరసగా పరిచి ఉన్నాయి. ఆ ఇసక వాసన పీలుస్తుంటే హాయిగా ఉంది. మనవాళ్లు వచ్చి చేతులు పట్టుకుంటారు, ఇరవై కుటుంబాల్ని నిలబెట్టావంటారు అనుకున్నాను. ఒక్కడు పలకరించలేదు! స్టేషన్లో పెరగబోయిన రేటు నేను అరిచి దించేశానని నాకంటే ముందే షెడ్డుకి తెలిసిపోయింది. దసరాకి ఇచ్చే పూజా బోనస్ పెరిగేదట, నా వల్ల పోయిందట. అచ్చులు కొట్టే మా శ్రీకాకుళం తాతారావైతే మొహం మీదే అనేశాడు.

"ఏటి సింహాచలం, ఇంకో ఐదు నిమిసాలు ఆటోలో కూకోలేకపోయావేటి?"

తివారీజీ గదిలోకి పిలిచాడు. తల వంచుకుని వెళ్లాను. ఒక్క రోజులో ఆయన కథ కూడా మారిపోయింది. ఆర్డరు వదిలేద్దామని తను అసలు అనుకోనేలేదట, అదంతా రేటు పెంచడానికి వేసిన ఎత్తేనట! భుజాన సంచీ వేసుకున్నది కూడా ఎత్తేనట.

"రావ్, నీ తప్పు లెక్క చూసి ఆయన రేటు పెంచాడు. నీ సరైన లెక్క విని దించేశాడు. ఇప్పుడు చెప్పు, నాకు ఏ లెక్క కావాలి?"

బోడి మూతి తడుముకుంటూ నిలబడ్డాను.

"సర్లే. ఇకమీద పేజీ పైన ఏం రాసుందో నాకు చదివి వినిపించి, ఆ తర్వాత కూడు. ఇంకో మాట. స్టేషన్‌కి మాత్రం నువ్వెప్పుడూ రావొద్దు."

"జీ సార్," అని, ఉద్యోగం ఉన్నందుకు పైకి చూసి దండం పెట్టుకుని వెనక్కి తిరిగానో లేదో, ఆయన ఫోన్ మోగింది. మొహంతీ బాబు. ఆర్డరు కాయితం పంపేశాడట. తివారీజీ స్పీకర్ పెట్టి, కళ్లతోనే నన్ను ఆగమన్నాడు.

"తివారీజీ, ఒక్క షరతు," అంటోంది ఫోన్‌లోంచి ఆ గొంతు, ఇంకా నవ్వుతూనే. "వచ్చే ఏడాది రేటు మాట్లాడుకునేటప్పుడు మీ రావ్ బాబు తప్పకుండా పక్కనుండాలి. ఆయన లేకపోతే నేను కూర్చోను. మనిషంటే అలా ఉండాలి."

తివారీజీ నా వైపు చూసిన చూపు నేను వర్ణించలేను. అదండీ సంగతి! ఇన్నేళ్ల సర్వీసులో నా లెక్కల్ని మనసారా మెచ్చుకున్నవాడు ఒక్కడే, వాడు కూడా మా దగ్గర సరుకు చవగ్గా కొనేవాడు.